బయానా అని నేను చెప్పిన మాట

మామ పోయి నెల దాటింది. సొంత మామ కాదు. కొత్తవాడలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేవాడు. జంపఖానాలు నేసేవాళ్ల సంఘానికి చాలాకాలం ప్రెసిడెంటు. పరామర్శకు వచ్చినవాళ్లు ఆయన గురించి మంచే చెబుతున్నారు. చివర్లో మాత్రం కొందరు గొంతు తగ్గించి, సంఘాన్ని ఒకసారి ముంచాడని అంటున్నారు. సంఘాన్ని ముంచిన మాట ఆయనది కాదు, నాది. అందుకని ఇది రాస్తున్నాను.

డెబ్బైల చివర నాకు బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్లకు విదేశీ మారకం సీటులో వేశారు. సంఘం జంపఖానాలు అప్పుడు జర్మనీకి పోయేవి. ఆర్డరు వచ్చిన చాలా నెలలకు గాని డాలర్లు చేతికి వచ్చేవి కావు. ఆలోగా డాలర్ ధర పడితే నేసినవాళ్లకు నష్టం. ఆ భయం లేకుండా ముందే బ్యాంకుతో ఒక రేటు ఖాయం చేసుకోవచ్చు. ఫలానా తేదీకి ఇన్ని డాలర్లు తెచ్చి మీకిస్తాం, ఈ రేటుకు తీసుకోండి అని రాసివ్వడమే ఫార్వర్డ్ కాంట్రాక్టు.

మా పద్ధతి ప్రకారం ఆ కాంట్రాక్టు లెడ్జర్‌లోకి రాదు. వేరే రిజిస్టరులో ఒక వరుస రాసి ఉంచుతాం. గడువు దాకా అందులో లాభం లేదు, నష్టం లేదు. సంవత్సరాంతంలో బ్రాంచీలన్నిటివీ కలిపి బ్యాలెన్స్ షీటు కింద ఒక్క వాక్యంగా చూపిస్తారు. రోజూ పొద్దున టెలెక్స్‌లో డాలర్ రేటు వచ్చేది. అది ఎంత మారినా నా రిజిస్టరులో రాసిన అంకె మారేది కాదు. మారనవసరం లేదని నేనూ అనుకున్నాను.

ఎనభైల మొదట్లో ఒక పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు మామ సంతకం పెట్టడానికి బ్రాంచికి వచ్చాడు. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి.

“అల్లుడా, సరుకు పోకపోతే ఏమైతదిరా?” అని అడిగాడు.

నేను సులువుగా చెప్పాలనుకున్నాను. మా వాడలో నూలు బేరమంతా బయానా మీదే నడుస్తుంది. షావుకారుకు ముందుగా కొంత సొమ్ము బయానా ఇస్తారు. నూలు తీసుకోకపోతే ఆ బయానా పోతుంది, అంతటితో సరి. ఎవరూ ఎవరినీ ఇంకేమీ అడగరు. కాంట్రాక్టుకు బ్యాంకు మొదట్లో తీసుకునే చిన్న కమీషను నాకు అలాగే కనిపించింది.

“బయానా అనుకో మామా. పోతే గదే పోతది,” అన్నాను.

“గట్లయితే ఫికర్ లేదు,” అని ఆయన సంతకం పెట్టాడు. సంఘంలోనూ అదే మాట చెప్పాడు.

ఆ ఏడు అద్దకంలో ఎరుపు తేడా వచ్చింది. రెండు విడతల నూలుకు రంగు రెండు రకాలుగా దిగింది. నమూనా ముక్కతో కలవలేదని జర్మనీ వాళ్లు ఆర్డరు మొత్తం రద్దు చేశారు. సరుకును ఇక్కడే వచ్చినకాడికి అమ్మేశారు. డాలర్లు రాలేదు. కాంట్రాక్టు గడువు మాత్రం వచ్చింది.

ఆలోగా డాలర్ ధర పెరిగింది. సంఘం ఇస్తుందన్న డాలర్లను మా బ్యాంకు అప్పటికే బయటివాళ్లకు అమ్మేసి ఉంది. ఇప్పుడు వాటిని పెరిగిన ధరకు కొని ఇవ్వాలి. తేడా సంఘం ఖాతాలోంచి తీసుకోవాలని మా ఆఫీసరు చెప్పాడు. నియమం అదే, కాంట్రాక్టు వెనక పేజీలో ఉంది. నేను సంతకం పెట్టించేటప్పుడు ఆ పేజీ తిప్పలేదు. ఓచరు రాసింది కూడా నేనే.

సంఘం మీటింగుకు బ్యాంకు తరఫున నన్ను పంపారు. నాకొక్కడికే కుర్చీ వేసి చాయ ఇచ్చారు. మిగతావాళ్లంతా జంపఖానాల మీద కూర్చున్నారు.

“ఏం ప్రెసిడెంటు సాబ్, మగ్గం గుంతల కూసునెటోనికి డాలర్ల బేరమెందుకే?” అని ఒకడు మొదలుపెట్టాడు.

“బొంబాయి సేటు అయిదామనుకున్నడు,” అన్నాడు పక్కవాడు. కొందరు నవ్వారు.

వెనక నుంచి ఒక ముసలాయన లేచాడు. “నవ్వుడు కాదుర బై. మా కూలిల కోస్తరట. బయానా పోతే అయిపోతదని నీకెవడు చెప్పిండో గది చెప్పు ముందుగాల.”

మామ నా వైపు చూడలేదు. “ఎవలు చెప్తరు? నేనే అట్ల అనుకున్న,” అన్నాడు.

అప్పుడు నేను లేవవలసింది. చాయ గ్లాసు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

ఆ వారమే ఆయన ప్రెసిడెంటు పదవి వదిలేశాడు. కూలి మరీ కోయకుండా తన ఇంటి నుంచి కొంత తెచ్చి సంఘానికి కట్టాడు. అత్త మెడలోని బంగారు గుండ్లు అమ్మి కట్టాడని తర్వాత తెలిసింది. ఇంటికి వెళ్లి, అందరికీ నిజం చెబుతానన్నాను. ఆయన మగ్గం మీద నుంచి లేవలేదు.

“పిల్లలు గలోనివి. మీ సారుకు ఎరికైతే నిన్ను ఉంచుతడా? పో, ఇగ ఆ ముచ్చట తియ్యకు.”

పొమ్మన్నాడని వచ్చేశాను. పొమ్మనాలనే వెళ్లానేమో ఇప్పటికీ తేల్చుకోలేదు. తర్వాత దారిలో కలిసినప్పుడల్లా పిల్లల చదువు గురించి అడిగేవాడు. నేను జవాబు చెప్పి తొందరగా కదిలేవాణ్ణి.

నిన్న అత్త దగ్గరికి వెళ్లాను. ఇంటి ముందు కూర్చుని చరఖా మీద కండెలు చుడుతోంది. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఏం చెప్పానో, మీటింగులో ఎలా కూర్చున్నానో, అన్నీ. ఆవిడ తిప్పడం ఆపేసింది.

“నాతోని అనలే ఆయన,” అంది.

చేతిలోని పోగు తెంపి కండెను పక్కన పెట్టింది.

“గుండ్లు పాయెనని ఆయన చచ్చేదాంక తిట్టిన బిడ్డా. అన్నం పెట్టుకుంట గూడ తిట్టిన. ఒక్కపారి నోరు తెరిచి చెప్తే ఏమాయె? నువ్వన్న చెప్తే ఏమాయె?”