మా వియ్యంకుడు తట్టని గోడ

మా కోడలి తండ్రి, అంటే మా వియ్యంకుడు, ఎవరింటికి వెళ్ళినా ముందు గోడల్ని పలకరిస్తాడు. మనుషుల్ని ఆ తరవాతే. వేలి కణుపులతో టకటకా తట్టి, చెవి ఆనించి, "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" విన్న ఇంటివాడికి ఆ పూట అన్నం సహించదు. మర్నాడు పొద్దున్నే మునిసిపాలిటీకి ఫిర్యాదు వెళ్ళిపోతుందని ఊరందరికీ తెలుసు.

ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. సినిమాకి వెళితే తెర వైపు చూడడు. బయటికి పోయే తలుపులెన్ని, వాటిల్లో తాళం వేసినవెన్ని అని చూసుకుంటాడు. ఓ పెళ్ళిలో భోజనాల మేడకి వెళ్ళే మెట్లకి కమ్మీ లేదని, మెట్ల దగ్గరే నిలబడి వచ్చినవాళ్ళందరినీ చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఆయనే పెళ్ళిపెద్ద అనుకుని ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ కూడా దణ్ణాలు పెట్టారు.

మునిసిపాలిటీ గుమాస్తాకి ఆయనంటే హడలు.

"ఆఫీసరుగారు తనిఖీకి వెళ్ళారండీ."

"ఏ వీధికి? నేనిప్పుడే ఊరంతా తిరిగొచ్చాను. ఎక్కడా కనపళ్ళేదే!"

"అయితే మీటింగులో ఉన్నారేమో."

"ఆ మీటింగు హాలు పైకప్పు పెచ్చులూడుతోందయ్యా! ముందాయన్ని బయటికి రమ్మను!"

ఇక నా సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే నాకు తోచదు. పల్లెటూరి బడిలో అయిదో తరగతి దాకా చదివి, ఎక్కాల్లో నన్ను మించినవాడు లేడనిపించుకున్నాను. పాల సంఘానికి ప్రెసిడెంటుగా చేశాను. వీటన్నిటికీ తలమానికం నా మేడ. ఇంజనీరు గాలి సోకకుండా, ప్లాను అనే కాగితం ముక్క లేకుండా, నేను వేలు చూపిస్తే మేస్త్రీ కట్టాడు. బాల్కనీ వీధి మీదికి మూడడుగులు చాలన్నాడు మేస్త్రీ. ఆరడుగులన్నాను నేను.

"ఆగుతుందంటారాండీ?"

"నేను ఆగమంటే ఆగుతుంది!"

అలాంటి నా బాల్కనీని మా వియ్యంకుడు ఒక్కనాడూ తట్టలేదు. పైగా రోజూ సాయంత్రం, మనవలు బడి నుంచి వచ్చేవేళకి ఠంచనుగా దిగిపోయి, బాల్కనీ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పిల్లలు పక్కనుంచి దూరబోతే చెరో చేత్తో పట్టుకుని, ఒళ్ళో వేసుకుని బస్సు కథలు మొదలుపెట్టేవాడు. నేను పొంగిపోయాను. "ఊళ్ళో ప్రతి ఇంటికీ వంకపెట్టిన మనిషి నా బాల్కనీ గాలికి దాసోహమన్నాడు" అని టీకొట్టు దగ్గర చెప్పుకున్నాను. పారిపోకుండా విన్నవాళ్ళకి రెండోసారి కూడా చెప్పాను.

ఒక్కటే నాకు అర్థమయ్యేది కాదు. వారంవారం మునిసిపాలిటీకి వెళ్ళి, మా వీధిలో బాల్కనీలన్నీ తనిఖీ చెయ్యమని పట్టుబట్టేవాడు. మా పక్కింటివాళ్ళ మీద ఈయనకెందుకింత కక్ష అనుకునేవాణ్ణి. తనిఖీకి మాత్రం ఏ ఒక్కడూ రాలేదు.

ఇంతలో పాల సంఘంవాళ్ళు నాకు సన్మానం చేశారు. ఇంటికొచ్చాక ఫొటో తీయించాలనుకున్నాను. బాల్కనీలో మధ్యన నేను, చుట్టూ చుట్టాలందరూ, కింద వీధిలో ఫొటోగ్రాఫరు. అంతా గుమ్మం దగ్గరికి చేరాం. మా వియ్యంకుడు కుర్చీలోంచి కదల్లేదు.

"బావగారూ, కాస్త లేవండి."

"మోకాళ్ళు పట్టేశాయి బావగారూ."

"చెయ్యివ్వండి, నేను లేపుతాను."

"నడుం కూడా పట్టేసింది."

"అయితే కుర్చీతో సహా ఎత్తుతాం!"

"నాకు కళ్ళు తిరుగుతాయి."

కిందనుంచి ఫొటోగ్రాఫరు కేక. "సార్! వెలుతురు పోతోంది!"

నాకు కోపం నషాళానికంటింది. "నా సన్మానం చూసి ఓర్వలేక కదూ?" అనేశాను. ఆయన మొహం చిన్నబోయింది. అయినా కుర్చీ చేతుల్ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడే తప్ప లేవలేదు.

మా కోడలు ముందుకొచ్చింది.

"మామయ్యగారూ, మా నాన్న మోకాళ్ళు బాగానే ఉన్నాయి. బాగాలేనిది మన బాల్కనీ."

"ఊరందరికీ చెప్పే మనిషి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"పిల్లనిచ్చిన ఇంట్లో వంకలెలా పెడతాడండీ? ఆ మాట రేపు నేను పడాల్సొస్తుందని భయం. ఆఫీసరే వచ్చి చెబితే బాగుంటుందని మునిసిపాలిటీ చుట్టూ తిరిగాడు. వాళ్ళు రాలేదు. పగలంతా ఈ తలుపు గడియ నేను వేసి ఉంచుతాను. సాయంత్రమయ్యేసరికి గాలి కావాలని మీరు తీయిస్తారు. అందుకని తనే తలుపులా అడ్డంగా కూర్చున్నాడు."

నేను వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాను. ఒకరి పక్కన కింద కూర్చోవడం నా జీవితంలో అదే మొదటిసారి. "తట్టండి బావగారూ" అన్నాను చివరికి. ఆయన కింద ఫొటోగ్రాఫరుని పక్కకి పొమ్మని, గుమ్మంలోంచే చెయ్యి చాచి పక్కనున్న పిట్టగోడని మెల్లగా తట్టాడు. పలకంత పెచ్చు ఊడి వీధిలో పడింది.

"ఏదో... చిన్నదే లెండి" అన్నాడు, నా మొహం చూడలేక.

ఆ సాయంత్రమే ఇంజనీరుని పిలిపించాను. మర్నాడు ఇద్దరం కలిసి మునిసిపాలిటీకి వెళ్ళాం. మా వియ్యంకుణ్ణి చూడగానే గుమాస్తా నిట్టూర్చి కలం తీశాడు.

"ఈసారి ఎవరి మీదండీ?"

"నా మీద" అన్నాను నేను.

"ఫిర్యాదు చేసేదెవరు?"

"నేనే."

గుమాస్తా తలెత్తకుండా, అలవాటు కొద్దీ తరవాతి ప్రశ్న అడిగాడు.

"ఫిర్యాదు చేసేవాడికీ, పడేవాడికీ పాత గొడవలేమైనా ఉన్నాయా?"

"లేవు నాయనా" అన్నాను. "నిన్నటిదాకా మహా ప్రేమగా ఉండేవాళ్ళం."