చేతి మీద మచ్చ, సీసాలో సాలీడు

ఒక శనివారం పొద్దున్న మా ఆయన కాళ్లకు నూనె రాస్తుంటే ఎడమ మోచేతి కింద ఎర్రటి మచ్చ కనిపించింది. అది డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి. వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాల్లో, మందస దగ్గరి మా ఊరి నుంచి పలాస వెళ్తాం. నాలుగేసి గంటలు ఆ చేతిని మెషీనుకి అప్పగించి వస్తాం. ఆ చేతికి ఏదైనా అయితే ఏం చెయ్యాలో ఆలోచించడానికే నాకు భయం.

పక్క దులుపుతుంటే దిండు మీద చిన్న సాలీడు కనిపించింది. పెసరగింజంత ఉంది, నల్లగా, వీపు మీద తెల్ల చార. చంపలేదు. డాక్టరుకి చూపించవచ్చని, ఆయన ఉప్పు మానేశాక ఖాళీగా పడి ఉన్న పచ్చడి సీసాలోకి తోసి మూత పెట్టాను.

"ఇదే కరిసింది బావా," అన్నాను. మేనత్త కొడుకు కాబట్టి పెళ్లికి ముందూ తర్వాతా ఆయన నాకు బావే.

"అంత పురుగు నన్నేటి కరుత్తాది? ఒగ్గీ దాన్ని."

నేను వదల్లేదు. ఫోటో తీద్దామంటే అది నేను ఎటు తిరిగితే అటు తిరిగి నన్నే చూస్తోంది. ఎలాగో రెండు తీసి, హైస్కూల్లో నాకు బయాలజీ చెప్పిన మేడంకి పంపాను. ఆవిడ ఇప్పుడు టెక్కలిలో ఉంటారు. పది నిమిషాల్లో ఫోన్ చేశారు. స్పీకరు పెట్టాను.

"అది గూడు కట్టుకుని కూకునే రకం కాదమ్మా, దూకి పట్టే సాలీడు. ముందర రెండు పెద్ద కళ్లున్నాయి, సూడు. ఈగలూ దోమలూ తింటాది. మనిసిని కరవదు, కరిసినా సీమ కుట్టినంతే. ఆ మచ్చ సంగతి మాత్రం నాకు తెలీదు. డాక్టరికి సూపించేయండి."

నాకు మొదటి మాటలే చెవికెక్కాయి. కరవదు. సోమవారం ఎలాగూ వెళ్తాం కదా, అప్పుడు చూపిద్దాంలే అనుకున్నాను.

ఆ రెండు రోజులూ ఆయనకి సాలీడే పని. సీసా మూతకి నాచేత మేకుతో బెజ్జాలు కొట్టించాడు. ముగ్గిన జామపండు ముక్క చుట్టూ మూగే చిన్న ఈగల్ని కవరుతో పట్టి లోపలికి వదిలాడు. సాలీడు కాసేపు కదలలేదు. తర్వాత పిల్లిలా అడుగులో అడుగేసి, ఎగిరి మీద పడింది. ఈ జబ్బు పట్టుకున్నాక ఆయన నవ్వగా చూసింది ఆ రోజే.

"నీల్లు తాగతాదేటి?" అని అడిగాడు.

సీసా అంచున వేలితో ఒక చుక్క పెట్టాను. అది వచ్చి, ముందు కాళ్లు అటూ ఇటూ ఆన్చి, చుక్కలో మూతి పెట్టి అలాగే ఉండిపోయింది. ఆయన గుటకలు మింగుతూ చూశాడు. కిడ్నీలు పాడయ్యాక నీళ్లు ఎక్కువ తాగకూడదు, అందుకే రోజుకి ఆయనకిచ్చే నీళ్లు నేను చిన్న సీసాలో కొలిచి పెడతాను. ఆ పూట వాటా అప్పటికే అయిపోయింది. కొబ్బరితోటలో పుట్టి పెరిగిన మనిషి, బొండం ముట్టుకుని రెండేళ్లు.

"సాలినంత తాగనీ," అన్నాడు.

నేను వంటగదిలోకి వెళ్లిపోయాను.

సోమవారం పొద్దున్న బస్సులో ఆయనకి వణుకు మొదలైంది. పలాసలో చొక్కా చెయ్యి మడిచేసరికి మచ్చ అరచేయంత అయి, ముట్టుకుంటే కాలిపోతోంది. డాక్టరు చూసి, ఎప్పట్నుంచని అడిగాడు. శనివారం నుంచి అన్నాను. "ఆ రోజే తీసుకురావాల్సింది," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. సూది పోటు దగ్గర చీము పట్టిందట. శ్రీకాకుళం పంపారు. మెడలో గొట్టం వేసి రక్తం శుభ్రం చేశారు. తొమ్మిది రోజులున్నాం. చెయ్యి దక్కింది.

ఇంటికొచ్చేసరికి సాలీడు బతికే ఉంది, పొట్ట మాత్రం లోపలికి పోయింది. నీటి చుక్క పెట్టి, అది తాగాక ఆయనే సీసా తీసుకెళ్లి, మూత తీసి కిటికీలో పక్కకి పడుకోబెట్టాడు. చాలాసేపటికి బయటికొచ్చి గోడ పట్టుకుని పోయింది.

అప్పుడు చెప్పాను, మనసులో దాచుకోలేక. "డాక్టరికి సూపించమని మేడం ఆ రోజే అన్నారు బావా. నానే ఇనిపించుకోలేదు."

ఆయన కిటికీ వైపే చూస్తూ, "నానూ ఇన్నాను. పక్కనే ఉన్నాను గదా," అన్నాడు.

"మరెందుకు ఊరుకున్నావు?"

"ఆ రెండు దినాలైనా ఇంటికాడ ఉండాలనిపించింది."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన మీదో నా మీదో తెలియని కోపం. ఆ పూట ఆయనకి అన్నం పెట్టి, నేను వంటగదిలోనే తిన్నాను. ఒంట్లో ఎలా ఉందని అడిగితే బాగానే ఉందంటాడు ఇప్పటికీ. నేను నమ్మను. స్నానం చేయించేటప్పుడు ఆ ఒళ్లంతా నేనే వెతుక్కుంటాను.