మంచం మీద ఉండిపోయిన పట్టుచీర

మా ఇంట్లో ఎవరు ఏ ఊరికి బయల్దేరినా పెట్టె సర్దే పని నాదే. కాపురానికి వచ్చిన ఏడాది ఆ పని నా నెత్తిన పడింది, ఇప్పటికీ దిగలేదు. మనవరాళ్ళు సముద్రం చూడటానికి పోతున్నామని, ఏం బట్టలు పెట్టుకోమంటావని అడుగుతారు. పల్చటి నూలువి పెట్టుకోండి, బిగుతువి వద్దు, మీరు అనుకున్నదానికి రెట్టింపు పెట్టుకోండి, అక్కడ ఏదీ ఆరదు అంటాను. వాళ్ళు నవ్వుతారు. ఆరకపోవడమేమిటని ఒకప్పుడు నేనూ నవ్వినదాన్నే.

అది రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మరుసటి వేసవి. మా ఆయన చిత్తూరు కోర్టులో గుమాస్తా. ఆయన చెల్లెలు, అంటే నా ఆడబిడ్డ, మలబారులో సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో కాపురముండేది. ఆమె భర్తకు అక్కడ రైల్వేలో ఉద్యోగం. యుద్ధం రోజుల్లో రైళ్ళలో కాలు పెట్టే సందు లేక మూడేళ్ళుగా ఆమె పుట్టింటి ముఖం చూడలేదు. మా అత్తగారు కూతురి కోసం బెంగ పెట్టుకున్నారు. కోర్టుకు వేసవి సెలవులు రాగానే అందరం వెళ్ళి ఒక నెల ఉండి వద్దామన్నారు మా ఆయన. అందరం అంటే ఆయన, నేను, ఇంకా పాలు మానని నా కూతురు, మా అత్తగారు.

ఆడబిడ్డ ముందే ఉత్తరం రాసింది. ఇక్కడ ఎండకన్నా ఉక్క ఎక్కువ, చెమట ఆరదు, ఉతికిన బట్ట ఆరదు, అమ్మ మడిచీరలు నాలుగైనా తీసుకురా వదినా అని రాసింది. ఆ ఉత్తరం నేనే గట్టిగా చదివి వినిపించాను. మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. మే నెలలో మా చిత్తూరులో చీర జాడించి దండెం మీద వేసి, ఇటు తిరిగి రెండో చీర పిండేసరికి మొదటిది గలగలమనేది. ఆరని బట్ట ఎట్లా ఉంటుందో మాకు ఊహకు కూడా అందలేదు.

మడి గురించి ఈ కాలం పిల్లలకు చెప్పాల్సి వస్తున్నది. మా అత్తగారు పొద్దున్నే తలమీద నీళ్ళు పోసుకుని, ముందురోజు ఉతికి ఎవరూ ముట్టకుండా ఎత్తున ఆరేసిన చీరను కర్రతో తీసుకుని కట్టుకునేవారు. ఆ చీరతోనే వంట, పూజ, భోజనం. మధ్యలో ఎవరైనా తగిలితే మళ్ళీ స్నానం, మళ్ళీ చీర. మామగారు పోయిన తర్వాత ఈ పట్టింపు ఇంకా పెరిగింది. ఆరిన మడిచీర లేకపోతే తడిచీరే కట్టుకోవాలి, తడికి మైల లేదు. పట్టుకయితే ఇంత తంటా లేదు. తడిపినా గంటలో ఆరుతుంది, రోజూ ఉతకాల్సిన పని లేదు. మామగారు పోయిన ఏడాది ఆమె అన్నగారు పెట్టిన కోరారంగు పట్టుచీర, అంచు లేనిది, ఒకటే ఉండేది ఆమెకు.

బయల్దేరే రోజు నేను పెట్టె నాలుగుసార్లు విప్పి కట్టాను. మొదటిసారి, మరీ బరువుగా ఉంది, కాట్పాడిలో రైలు మారాలి, కూలీలు దొరకరు అని మా ఆయన అన్నారు. నా చీరలు రెండు తీసేశాను. రెండోసారి, మైల బట్టల పక్కన మడిబట్టలా అని మా అత్తగారు అన్నారు. అడ్డంగా తువ్వాలు పరిచి వేరు చేశాను. మూడోసారి నా కూతురు పెట్టెలోకి ఎక్కి కూర్చుని తడిపి పెట్టింది. నాలుగోసారి మా ఆయన కోర్టుకు వేసుకునే నల్ల కోటు పట్టుకొచ్చారు. ఉన్ని కోటు! ఆ ఉక్కలోకి!

"ఆడ పెద్దమనుషులు ఎవరన్నా ఇంటికొస్తే ఎట్ల మే, పంచె మీద నిలబడల్లనా?" అన్నారు.

ఆయనకు బదులు చెప్పే ఓపిక నాకు లేదు. తెల్లవారుజామున లేచిన దాన్ని, దారికి పులిహోర కలిపి, బిడ్డకు పాలిచ్చి, ఇల్లు కడిగి, ఇంకా గుక్కెడు మజ్జిగ కూడా తాగలేదు. కోటు లోపల పెడితే మూత పడలేదు. పైన మా అత్తగారి పట్టుచీర ఉంది, శుభ్రమైన గుడ్డలో మూటకట్టి, "ఇది పైన పెట్టు అమ్మాయ్, దిగంగానే కావల్ల" అని ఆమె ఇచ్చినది. దాన్ని తీశాను. మూత పడింది. బయట జట్కావాడు అరుస్తున్నాడు. పెట్టెలో ఆమెవి రెండు నూలుచీరలు ఉన్నాయి కదా, ఎండకు ఇట్టే ఆరతాయి, ఉక్కలో పట్టు ఎవరికి కావాలి అనుకున్నాను. మూట మంచం మీద పెట్టాను. మరిచిపోలేదు. చూస్తూ చూస్తూ పెట్టాను. నిజం చెప్పాలంటే, ఆ పూట ఎవరి మాటైనా ఒకటి తోసెయ్యాలని ఉంది నాకు. మొగుడి మాట తోసెయ్యలేక అత్తగారిది తోసేశాను. పెట్టెకు తాడు బిగించి, బిడ్డను చంకనేసుకుని జట్కా ఎక్కాను. దీపం ఆర్పినామో లేదోనని గదులన్నీ చూసి, తాళం వేసి, చివరగా మా అత్తగారు ఎక్కారు.

మలబారులో దిగిన గంటకే ఉత్తరం అబద్ధం కాదని తెలిసింది. ఎటు చూసినా కొబ్బరిచెట్లు, పచ్చదనం. కళ్ళకు బాగానే ఉంది. ఒంటికే బాగాలేదు. నీళ్ళు పోసుకుని తుడుచుకుంటుంటే మళ్ళీ చెమట, తుడుచుకున్న తువ్వాలు మర్నాటికి కంపు. రవిక వీపుకు అంటుకుని వదిలేది కాదు. మొదటిరోజు ఉతికిన మడిచీర పొద్దున చూస్తే పిండి ఆరవేసినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. రెండోరోజుకు రెండు చీరలూ తడివే.

"ఆ పట్టుచీర తీసియ్యి అమ్మాయ్" అన్నారు మా అత్తగారు.

మా ఆయన, ఆడబిడ్డ అక్కడే ఉన్నారు.

"మరిచిపోయినాను అత్తయ్యా. తొందరలో మరిచిపోయినాను" అన్నాను.

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూశారు. "సరే పోనీలే" అని తడిచీర చుట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళారు. మా ఊళ్ళో అయితే అన్నం ఉడికేలోగా ఒంటిమీదే ఆరిపోయేది. ఇక్కడ వంటయి, పూజయి, ఆమె విస్తరి ముందు కూర్చున్నా కొంగు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

ఆడబిడ్డకు పట్టుచీరలు లేక కాదు. అన్నీ రంగువి, జరీ అంచువి. మామగారు పోయాక అవి మా అత్తగారు కట్టేవి కావు. కొత్త గుడ్డ కొందామంటే యుద్ధం నాటి గుడ్డల కంట్రోలు ఇంకా పోలేదు, మా చిత్తూరు రేషను కార్డు మీద అక్కడ జానెడు గుడ్డ ఇవ్వరు, ఆడబిడ్డ వాళ్ళ వంతు అప్పటికే అయిపోయింది. నేను తడిచీర కట్టుకుని వంట చేస్తానన్నాను. నేను మడి కట్టుకుంటే నా చేతి వంట ఆమె తినేవారు.

"బిడ్డకు పాలిచ్చేదానివి, నువ్వు తడిగుడ్డ కట్టుకుంటే దానికి పడిశం పడతాది. నీ పని నువ్వు సూసుకో" అని కసిరారు.

మా ఆయన మాత్రం సుఖపడ్డారు. పొద్దున లేస్తే సముద్రం ఒడ్డు, సాయంత్రమైతే సముద్రం ఒడ్డు. ఒంటిమీద పంచె తప్ప ఇంకేం ఉండేది కాదు. పెద్దమనుషులెవరూ రాలేదు. వచ్చిన వాళ్ళూ అట్లాగే పంచెతో వచ్చారు. కోటు చిలక్కొయ్యకు వేలాడుతూ వారానికల్లా బూజు పట్టింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. దులపలేదు. ఆ నెలలో నేను చేసిన ఒక్క తిరుగుబాటు అదే.

నేను సముద్రం రెండుసార్లు చూశానేమో. మిగతా పొద్దంతా ఆ రెండు చీరలతోనే సరిపోయింది. వెనక వసారాలో కింద కుంపటి పెట్టి, చీర ముట్టకుండా దూరంగా కూర్చుని విసనకర్రతో విసిరేదాన్ని. విసురుతూ కూర్చుంటే బిడ్డ ఏడ్చేది, బిడ్డను ఎత్తుకుంటే కుంపటి ఆరిపోయేది. చీర అంచు ఒకటి వేడికి కమిలి పసుపురంగు తిరిగింది. లోపలి మడతలు మాత్రం చల్లగా అట్లాగే ఉన్నాయి. విసరలేక భుజం పీకేది. ఎందుకు విసురుతున్నానో నాకు తెలుసు కనక ఇంకా ఎక్కువ పీకేది. ఆడబిడ్డ వచ్చి, ఎంత ఓపిక వదినా నీకు, అన్నది. నాకు అక్కడే నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

మూడోవారంలో వానలు మొదలయ్యాయి. ఇక కుంపటి కాదు కదా, ఏదీ పనిచెయ్యలేదు. మా అత్తగారికి దగ్గు పట్టుకుంది. మూడురోజులు దగ్గుతూనే తడిచీరతో వంట చేశారు. నాలుగోరోజు పొయ్యి ముందు నుంచి లేవలేకపోయారు. పట్టుకుంటే ఒళ్ళు కాలిపోతున్నది. అప్పుడు ఎవరు ముట్టినా ఆమె ఏమీ అనలేదు, అందుకే నాకు భయమేసింది. డాక్టరు వచ్చి రొమ్ముకు జలుబు చేరిందన్నాడు. తడిబట్ట ఎందుకు కట్టనిచ్చారని మమ్మల్ని కోప్పడ్డాడు. మా ఆయన నా వైపు చూసి, "ఒక్క చీర గుర్తుపెట్టుకోలేకపోతివి" అన్నారు. కోటు సంగతి నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. కోటు ఆయనదే కానీ, మూట తీసిన చెయ్యి నాది.

అయిదురోజులు ఆమె పక్కనే కూర్చున్నాను. ఈమెకు ఏదైనా అయితే ఈ మాట నేను ఎవరికి చెప్పుకోవాలి అన్న ఒక్క ఆలోచనే. కావాలనే వదిలేశాను అత్తయ్యా అని చెప్పేద్దామని ఎన్నిసార్లో నోరు తెరిచాను. ఆమె కళ్ళు తెరిచేసరికి, గంజి తాగుతారా అని అడిగేదాన్ని. ఆరోరోజు జ్వరం దిగింది. ఆ మర్నాడే ఆమె, "మనూరికి పోదాం పదప్పా, ఆ ఎండన్నా తగిలితే లేస్తాను" అన్నారు కొడుకుతో.

చిత్తూరు చేరేసరికి మధ్యాహ్నం. తాళం తీయగానే దుమ్ము వాసన, వేడిగాలి. పెట్టె నడవలో దింపించి నేను గబగబా గదిలోకి పోయాను. మూట మంచం మీద ఎట్లా పెట్టానో అట్లాగే ఉంది. తొందరలో మరిచిపోయిన దానిలా ఏ మూలనో పడిలేదు. మంచం నడుమ, దిండుకు ఆనించి, బుద్ధిగా పెట్టి ఉంది. ఎవరు చూసినా తెలిసిపోతుంది. దాన్ని తీసి బీరువా వెనక్కి తోయబోతున్నాను.

"దాచొద్దులే అమ్మాయ్."

మా అత్తగారు గడప పట్టుకుని నిలబడి ఉన్నారు. నడిచి వచ్చినందుకే ఆయాసపడుతున్నారు.

"పోయే దినమే సూసినాను. తాళమేసే ముందర దీపం సూసేకి వచ్చినా గదా. ఈడనే ఉండె."

మూట నా చేతిలోనే ఉండిపోయింది. "మరి చెప్పకపోతిరే!" అన్నాను.

"ఏమని చెప్పేది? నాలుగుసార్లు విప్పి కట్టితివి. నీ ముఖం నేను సూడలేదా? అయిదోసారి విప్పమనేదానికి నాకు నోరు రాలే."

అప్పుడు నాకొచ్చింది ఏడుపు కాదు, కోపం. ఇన్నాళ్ళూ నేను మోసిన బరువంతా ఆమెకు తెలిసే మోయనిచ్చారా అని కోపం.

"ఆడికి పోయినాకైనా చెప్పగూడదా అత్తయ్యా? జొరంలో పడినప్పుడైనా? మీ కొడుకును పంపితే తెచ్చి ఉండరా?"

ఆమె గడప మీద మెల్లగా కూర్చున్నారు. దగ్గు తెర వచ్చి తగ్గిందాకా ఆగారు.

"మరిచిపోయినానంటివి గదా అందరి ముందర. మంచం మీద ఉండాది పోయి తేప్పా అంటే, నువ్వు పెట్టిన తీరు వాడు సూడడా? నీ మాట ఏమైపోవల్ల?"

నేను మూట అక్కడే పెట్టి ఆమె పక్కన కూర్చుండిపోయాను. క్షమించమని అడగాలని కూడా తోచలేదు. ఆమే, "చీరలు కంపు కొడుతుండాయి, లెయ్యి" అన్నారు. లేచి పెట్టె విప్పి, ఆ రెండు నూలుచీరలు తీసి, బావి దగ్గర జాడించి దండెం మీద వేశాను. రెండోది వేసేసరికి మొదటిది ఆరిపోయింది.

దగ్గు మాత్రం పోలేదు. తర్వాత ఆమె బతికిన తొమ్మిదేళ్ళూ, వానలు పట్టగానే వంటింట్లో నుంచి ఆ దగ్గు వినపడేది. నేను చేస్తున్న పని ఆపి వేన్నీళ్ళు పెట్టేదాన్ని. ఆమె తాగి, చెంబు నాకిచ్చేవారు. ఆ చీర మాట మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు.