ఆమెన్ అన్నాకే ఆయిల్ పుల్ల

మొన్న గుడివాడ నుంచి బందరు వెళ్ళడానికి మా అక్క కూతురు తన కొత్త కారు తెచ్చింది. ఆయిల్ చూశావా అమ్మా అని అలవాటుగా అడిగితే, "స్క్రీనే చెప్తుంది పిన్నీ, బానెట్ ఎత్తే పనే లేదు" అని నవ్వి, బండి కదిలించేసింది. ఆ పిల్ల పుట్టిన రోజున మా మేనత్త బానెట్ ఎత్తకపోయి ఉంటే ఏమయ్యేదో దానికేం తెలుసు!

మా అత్తయ్య దివిసీమలో మాతోనే ఉంటూ బళ్ళో లెక్కలు చెప్పేది. ఆడవాళ్ళు సైకిలెక్కితేనే జనం ఆగి చూసే రోజుల్లో కుచ్చిళ్ళు బిగించి ఓ పాత తెల్ల కారు నడిపేది. మా ఇల్లు కరకట్ట వాలులో ఉండటంతో గుమ్మం ముందు కారు ఎప్పుడూ ఓ పక్కకి ఒరిగే ఉండేది. బండి ఒరిగితే లోపల ఆయిలూ ఒరుగుతుందని, అప్పుడు ఆయిల్ ఎంతుందో చూసే గీతల పుల్ల అబద్ధం చెబుతుందని అత్తయ్య అనేది. అందుకే ఎక్కడికి బయల్దేరినా ముందు వడ్లు నూర్చే కళ్ళంలోకి, అలికి చదును చేసిన నేల మీదికి కారు తెచ్చి, ఇంజను ఆపి, నాన్నగారిని ప్రయాణ ప్రార్థన చెయ్యమనేది. నాన్నగారి ప్రార్థన ఇంట్లోవాళ్ళతో మొదలై, పంటకాలవ మీదుగా, చుట్టాలందరినీ పేరుపేరునా పలకరిస్తేగాని ముగిసేది కాదు. ఆమెన్ అనగానే అత్తయ్య పుల్ల లాగి, పెడన కలంకారీ గుడ్డపీలికతో తుడిచి, మళ్ళీ అడుగంటా దించి, రెండోసారి తీసి, రెండు గీతల మధ్య ఆయిల్ ఎక్కడుందో చూసేది. వదినంత భక్తురాలు ఇంకెవరూ లేరని అమ్మ అందరికీ చెప్పుకునేది.

అక్కకు తొలికాన్పు నొప్పులు మొదలైన మధ్యాహ్నం, బందరు ఆసుపత్రికి వెళ్ళాలని అందరం కంగారుపడుతున్నాం. నాన్నగారు వాలులోనే పుల్ల తీసి చూసి, నిండుగా ఉందన్నారు. అత్తయ్య వినలేదు. అక్కను ఎక్కించుకుని కళ్ళంలోకి పోనిచ్చి, ఇంజను ఆపి, ప్రార్థన చెయ్యమంది. నాన్నగారు రెండు ముక్కల్లో ముగించేశారు.

"అప్పుడే ఆమెనేంట్రా? ఇంకా కిందికి దిగలేదు, ఇంకాస్త చెయ్యి."

"ఏం దిగలేదు వదినా?" అని అమ్మ బిత్తరపోయింది.

"ఆయిలమ్మా, ఆయిలు! ఇంజను ఆపగానే పైనంతా అంటుకునుంటుంది, కారి అడుక్కి చేరాలా వద్దా?"

అంత నొప్పిలోనూ అక్క పక్కున నవ్వింది. తీరా చూస్తే ఆయిల్ కింది గీతను కూడా తాకలేదు. ఎక్కువైనా ఇంజనుకు చేటేనని అత్తయ్య డబ్బాలోంచి కొంచెం కొంచెంగా పోసి, ఆగి, పై గీత దాటకుండా చూసుకుని గాని బయల్దేరలేదు. చల్లపల్లి దాటి బందరు చేరేదాకా ఇంజను ఒక్క మూలుగు మూలగలేదు, మూలిగిందంతా అక్కే. చేరిన కాసేపటికే పిల్ల పుట్టింది. ఆయిల్ చాలక దారిలో ఇంజను పట్టేసి ఉంటే తల్లీబిడ్డా ఏమయ్యేవారో!

ఇప్పటి స్క్రీన్లు నిజమే చెబుతాయేమో, కాదనను. కానీ ఇంటిల్లిపాదినీ చదును నేల మీద కాసేపు నిలబెట్టి, దేవుణ్ణీ ఇంజనునీ ఒకేసారి చూసుకునే మా అత్తయ్య లాంటి మనిషి మళ్ళీ నాకు కనబడలేదు. మొన్న కారు కదిలాక నేను కళ్ళు మూసుకుని నాన్నగారి ప్రార్థనంతా, చుట్టాల పేర్లతో సహా, లోలోపల చెప్పుకున్నాను. ఆ పేర్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఆమెన్ అనుకునేసరికి పామర్రు వచ్చేసింది.

"మంచి నిద్రపట్టింది కదా పిన్నీ" అంది పిల్ల.