మావయ్య వడ్డించిన పుస్తకం

పొద్దున్నే రావులపాలెం నుంచి ఫోను. కవిగారు. ఆయన కవితల పుస్తకం పేజీలు కూర్చి నిన్ననే పంపాను. "అంతా బాగుందండి. కానీ చివర్లో ఆ పేజీ సగం ఖాళీగా వదిలేశారేంటండి? మర్చిపోయారాండి?" అన్నారు. మర్చిపోలేదండి, కవిత అక్కడ అయిపోయింది, చదివేవాళ్ళు కాస్త ఊపిరి తీసుకుంటారని వదిలానన్నాను. ఆయనే కాసేపు ఊపిరి తీసుకున్నారు. "పోనీ ఓ పువ్వు పెట్టండి. పువ్వు కాదంటే అరటిగెల. మా ఊరి గుర్తుగా ఉంటుంది" అన్నారు. కవితేమో చచ్చిపోయిన స్నేహితుడి మీద! ఓరి భగవంతుడా అనుకుని, చూస్తానండి అని ఫోను పెట్టేసి, చల్లారిపోయిన కాఫీ మళ్ళీ వేడి చేసుకున్నాను.

ఈ గోదావరి జిల్లాల్లో పుస్తకాలకి రూపం దిద్దే పనంత తలనొప్పి ఇంకోటి లేదు. ఎవరి కిందా పనిచేయకుండా, రాజమండ్రిలో మా మేడ మీది గదిలో కూచుని నా మానాన నేను చేసుకునే పని ఇది. నేనేం చేస్తానో మా వీధివాళ్ళకి ఇప్పటికీ అంతుపట్టదు. "మీ దగ్గర జిరాక్సు తీస్తారాండి?" అంటూ ఆధార్ కార్డు పట్టుకుని మెట్లెక్కి వచ్చేస్తారు. పోనీ కవులు నయమా అంటే, అట్ట మీద గోదావరి ఉండాలంటారు, దాని మీద వంతెన, కింద పడవ, వెనకాల ఉదయిస్తున్న సూర్యుడు, ఆ మిగిలిన కాస్త జాగాలోనే వాళ్ళ నాన్నగారి ఫోటో. సూర్యుడూ నాన్నగారూ ఒకేచోట పట్టరండీ అంటే, "సూర్యుణ్ణి కాస్త జరపండి" అంటారు. ఇంత మర్యాదగా ప్రాణం తోడేసే మనుషులు ఇంకెక్కడా ఉండరు. గట్టిగా ఓ కేకేద్దామన్నా నోరు రాదు, ప్రతి మాటకీ చివర అండి తగిలిస్తారు మరి.

అసలు నేనూ కవయిత్రినే. నన్నీ గోతిలోకి తోసింది మా మావయ్య, అమ్మకి స్వయానా తమ్ముడు. రామచంద్రపురంలో ఆయనకి అచ్చాఫీసు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ శుభలేఖలన్నీ ఆయన దగ్గరే అచ్చయ్యేవి. ఇంటికీ అచ్చాఫీసుకీ మధ్య ఒకటే గోడ. ఇటునుంచి సిరా, కిరసనాయిలు వాసన, అటునుంచి అత్తయ్య పెట్టే ఇంగువ పోపు. ప్రూఫు చూసుకుందామని వచ్చినవాడెవడూ భోజనం చేయకుండా వెళ్ళిన పాపాన పోలేదు. వడ్డించేది అత్తయ్య, పక్కన నిలబడి అజమాయిషీ చేసేది ఈయన. విస్తట్లో అరచెయ్యంత జాగా కనిపించిందా, ఆయన ప్రాణం ఉసూరుమనేది. "అదిగో, అక్కడ ఖాళీగా ఉంది, కందబచ్చలి వెయ్యవే!" అని కేకేసేవారు. తినేవాడు వద్దు మొర్రో అని చెయ్యి అడ్డం పెడితే, ఆ వేళ్ళ మీదే వేయించేవారు. వడ్డించినచోట ఖాళీ కనబడ్డమంటే ఇంటికి తలవంపులని ఆయన నమ్మకం. ఆ నమ్మకం భోజనాల దగ్గర ఆగితే నాకు ఏ బాధా ఉండేది కాదు.

నాకు ముప్పై నిండకుండానే నాన్న పోయారు. ఆ దుఃఖంలో రాసుకున్న కవితలన్నిటినీ పుస్తకంగా తానే అచ్చేస్తానన్నారు మావయ్య. ఆఖరి కవిత నాన్న వాలుకుర్చీ మీద. మహా అయితే ఏడెనిమిది పాదాలు. దాని కింద పేజీ అంతా ఖాళీగా వదలాలని రాతప్రతిలో గీత గీసి మరీ రాసిచ్చాను. నాన్న లేని చోటు ఎంత పెద్దదో చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు, ఆ తెల్లకాగితమే ఉంది. అమ్మేమో ఆ కవితని అచ్చులోనే చదువుతానని పంతం పట్టింది. ముందే వినిపిస్తానన్నా వినలేదు.

పుస్తకాలు వచ్చాయి. మూలలకి పసుపు రాసి, మొదటి ప్రతి మావయ్యే అమ్మ చేతిలో పెట్టారు. అమ్మ తిన్నగా ఆఖరి పేజీ తీసింది. పక్కనుంచి నేనూ తొంగిచూశాను. నాన్న వాలుకుర్చీ కింద సన్నాయి, డోలు. ఆ కింద పల్లకీలో పెళ్ళికూతురు. అటూ ఇటూ అరటిచెట్లు. శుభలేఖల మీద అచ్చేసే బొమ్మల బ్లాకులన్నీ వరసపెట్టి దించేశారు మహానుభావుడు!

"ఏంటి మావయ్యా ఇది?" అన్నాను.

"బోసిగా ఉందమ్మా. బావగారి పేజీ కదా, బోసిగా వదిలేస్తే ఏం బాగుంటుంది?" అన్నారాయన మొహమంతా నవ్వుతో. ఉన్న బ్లాకుల్లో అరిగిపోనివి ఏరి మరీ వేశారట.

అమ్మ ఆ బొమ్మల మీద అరచెయ్యి అడ్డం పెట్టి, పైనున్న పాదాలు మాత్రం చదువుకుంది. నాకు ఏడుపూ ఒళ్ళుమంటా ఒక్కసారే వచ్చాయి. అంత ప్రేమగా చేసినవాణ్ణి ఏమని తిట్టను?

ఆ చెయ్యి చూశాకే ఈ పని నేర్చుకోవాలనుకున్నాను. రాజమండ్రిలో ఓ డీటీపీ సెంటర్లో, దరఖాస్తులు టైపు చేయించుకోవడానికి వచ్చేవాళ్ళ మధ్య కూచుని, అక్షరం ఎక్కడ నిలవాలో, అంచు ఎంత వదలాలో నేర్చుకుని, ఆ పుస్తకాన్ని మొదటినుంచీ మళ్ళీ కూర్చాను. ఈసారి ఆఖరి పేజీకి అమ్మ చెయ్యి అడ్డం పెట్టలేదు. చదివి, కింది తెలుపుకేసి చాలాసేపు చూసి, "ఇప్పుడే లేచి వెళ్ళినట్టుంది" అంది. అంతకంటే పెద్ద మెప్పు నాకు ఏ సభలోనూ దొరకలేదు. అది చూసిన ఓ కవిమిత్రుడు తన పుస్తకమూ చేసిపెట్టమన్నాడు, ఆయనది చూసి ఇంకొకరు. అలా ఊరందరి పేజీలూ చక్కబెడుతూ కూచుంటే నా కవిత్వం కాస్తా అటకెక్కింది. మావయ్య మాత్రం నేను చేసిన ప్రతి పుస్తకం తిరగేసి పెదవి విరిచేవారు. "పాపం, కాగితం సగం పస్తు పడుకుందే అమ్మాయ్" అనేవారు. నేను పోట్లాడేదాన్ని. చెవిటివాడి ముందు శంఖమే.

మొన్న వానాకాలంలో అత్తయ్య పోయింది. పెద్దకర్మకి వచ్చినవాళ్ళకి చిన్న స్తోత్రాల పుస్తకం పంచడం మా వైపు ఆనవాయితీ. మొదట్లో పోయినవారి ఫోటో, ఎదుటి పేజీలో వారి గురించి నాలుగు మాటలు వేస్తారు. అచ్చాఫీసు మూసేసి ఏళ్ళయింది కాబట్టి, మావయ్య కర్ర పట్టుకుని మా మెట్లెక్కి వచ్చారు. అత్తయ్య ఫోటో పెట్టాను. ఎదుటి పేజీలో ఏం రాద్దామని అడిగాను. ఆయన కంప్యూటరు తెరకేసి చూస్తూ కూచున్నారు. నాకే ఉండబట్టలేదు. దీపం పెట్టనా, పద్మం పెట్టనా, పోనీ చుట్టూ లతలు వేయనా అన్నాను. ఎవరు? నేను!

"వద్దమ్మా. అలా వదిలెయ్యి" అన్నారు. కర్ర అందుకుని లేవబోతూ ఆగి, "వడ్డించే మనిషే లేదు కదే" అన్నారు.

వదిలేశాను. ఇన్నేళ్ళూ ఆయనతో పోట్లాడి సాధిద్దామనుకున్న పేజీ అది. తీరా చేతికొచ్చాక గెలిచినట్టే లేదు. రావులపాలెం కవిగారికి అరటిగెల పెట్టనని ఇందాకే చెప్పేశాను, ఆయన నొచ్చుకున్నారు, నొచ్చుకోనీ. కానీ ఖాళీ అంటే ఏమిటో మావయ్యకి తెలియని ఆ రోజులు మళ్ళీ వస్తాయంటే మాత్రం, నా ప్రతి పేజీలోనూ ఆ సన్నాయీ డోలూ నా చేత్తో నేనే దించుకుంటాను.