పిండికట్టు గది మూసిన రోజుల్లో

నా పెద్దకొడుకు పుట్టినప్పుడు వాడి ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంది. ఆసుపత్రిలో డాక్టరు చూసి, కంగారుపడొద్దని, వారం వారం తెచ్చి పిండికట్టు మార్పించుకుంటే కొంచెం కొంచెంగా దారికొస్తుందని చెప్పారు. మధ్యలో ఆపితే మాత్రం మళ్లీ మొదటికొస్తుందన్నారు. ఆయన చెప్పిన ధైర్యమంతా మర్చిపోయి నేను ఆ చివరి మాట పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు మేం తార్నాకలో ఒక ఇంటి వెనక వాటాలో ఉండేవాళ్లం. మా ఆయనకి యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం. నాకు అమ్మ లేదు కాబట్టి పురుడు పోయడానికి అత్తమ్మే ఊరి నుంచి వచ్చి మాతో ఉండిపోయింది. ఆమెకి ఆ కట్టంటే గిట్టదు. "పాలు తాగే పోరనికి సిమెంటు కట్టుడేంది?" అని డాక్టర్లని తిట్టిపోసేది. తిడుతూనే కట్టుకి కాటుకతో దిష్టిచుక్క పెట్టేది. నేను తుడిచేదాన్ని. ఆమె మళ్లీ పెట్టేది.

ఆ ఏడే హాంకాంగ్ ఫ్లూ వచ్చింది. క్యాంపస్ హాస్టళ్లలో పిల్లలు గదికొకరు మూలుగుతున్నారని మా ఆయన చెబితే, జ్వరమే కదా అని ఊరుకున్నాను. ఆ వారం ఆసుపత్రికి పోతే పిండికట్టు గదిలో జ్వరం వాళ్లకి మంచాలు వేసి ఉన్నాయి. వరండా నిండా చాపలు. డాక్టరు ముఖానికి గుడ్డ కట్టుకుని బయటికొచ్చి, బిడ్డ పెరిగేకొద్దీ బిగుసుకుపోతుందని పాత కట్టు కోసి తీసేశారు. "ఇది తగ్గాక రండమ్మా, పసివాణ్ని వీళ్ల మధ్యకి తేకండి" అన్నారు. ఎప్పుడు తగ్గుతుందో ఆయనకీ తెలియదు. నిద్రలేని ఆ కళ్లు చూశాక ఆయన మీద కోపం రాలేదు. లోపలున్న ఉక్రోషమంతా ఇంటికి మోసుకొచ్చి, కట్టు పోయిందని సంబరపడుతున్న అత్తమ్మ మీద కుమ్మరించాను.

మన ఇళ్లలో పసిబిడ్డకి నీళ్లు పోసేది పెద్దవాళ్లే. అత్తమ్మ పీట మీద కాళ్లు చాపుకుని, వాటి మీద వాణ్ని పడుకోబెట్టి, నూనె రాసి, తల గుండ్రంగా రావాలని, ముక్కు కోటేరులా ఉండాలని ఒత్తేది. ఇప్పుడామెకి పాదం కూడా దొరికింది. వేళ్లు పట్టి ముందుకి గుంజేసరికి వాడు గుక్కపట్టి ఏడ్చాడు. బిడ్డని లాక్కుని, "ఆ పాదం మీద చెయ్యి పెట్టకున్రి అత్తమ్మా" అని అరిచాను.

కొద్ది రోజులకే పాదం మళ్లీ లోపలికి పోవడం కనిపించింది. ఏం చెయ్యాలో తోచక వాణ్నెత్తుకుని మా ఆయన దగ్గరికి లైబ్రరీకి బయల్దేరాను. అత్తమ్మ వెనకే వచ్చింది. క్యాంపస్ రోడ్డు మీద సిస్టరమ్మ ఎదురైంది, కట్టు వేసేటప్పుడు వాడి కాలు పట్టుకునే నర్సు. ఆమెని జ్వరం వార్డులో వేశారట. డ్యూటీ దిగి మాణికేశ్వర్ నగర్‌కి నడిచి పోతోంది. చూసీ చూడనట్టు పోతే ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆగింది. అత్తమ్మ పాదం గుంజిన సంగతి చెబితే విని, మాకు దూరంగా నిలబడే తన పిడికిలిని పాదంగా చేసి చూపించింది.

"వేళ్లు గుంజొద్దమ్మా. మడిమ గిట్ల పట్టాలె. ముందటి పాదాన్ని మెల్లగ బయటికి నూకి ఆపాలె. ఏడిస్తే ఇడిచిపెట్టాలె. పాలు తాగేటప్పుడు, పండుకున్నప్పుడు, చెయ్యి ఖాళీ ఉన్నప్పుడల్లా చెయ్యాలె."

ఆ తల్లికి నేను ఏమిచ్చినా తక్కువే. ఆమె చెప్పింది నాకు సగమే ఎక్కింది. అత్తమ్మ మాత్రం ఇంటిదాకా తన పిడికిలిని అలాగే పట్టి చూసుకుంటూ నడిచింది.

తర్వాత మా ఆయన మంచాన పడ్డాడు, ఆయన వెనకే నేను. పాలివ్వడానికి మాత్రం ముక్కూ నోరూ కట్టుకుని బిడ్డని తీసుకునేదాన్ని. మిగతా పొద్దంతా వాడు లోపలి గదిలో అత్తమ్మ దగ్గరే. జ్వరం కంటే ఆ పాదం మీదే నా భయమంతా.

"పట్టుకున్నరా అత్తమ్మా?" అని మంచం మీంచే కేకేసేదాన్ని.

"పట్టుకున్ననే తల్లీ, నువ్వు పండు."

తలుపు సందులోంచి చూస్తే ఒక చేత్తో చేటలో బియ్యం ఏరుతుండేది. రెండో చెయ్యి వాడి పాదం మీద ఉండేది. ఆమెకి జ్వరం రాలేదో, వచ్చినా మాకు చెప్పలేదో ఇప్పటికీ తెలియదు.

ఫ్లూ నెమ్మదించి పిండికట్టు గది తెరిచారని తెలియగానే పోయాం. డాక్టరు పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"వెనక్కి పోలేదే! ఎవరు పట్టుకున్నారమ్మా దీన్ని?" అన్నారు.

తిడతారనుకుంది కాబోలు, అత్తమ్మ చేతులు కొంగు కింద దాచుకుంది. "నాకేం తెల్వది సారూ. తానం పోసిన, గంతే."

నాకు ఏడుపు ఆగలేదు. ఆ చేతుల్ని బయటికి లాగి కళ్లకద్దుకున్నాను. ఆమె సిగ్గుపడి, "ఏందే గిది, అందరు చూస్తుండ్రు" అంది. సిస్టరమ్మ నవ్వుతూ వాడి కాలు పట్టుకుంది. డాక్టరు కొత్త కట్టు వేశారు.

బస్సులో ఇంటికి వస్తున్నాం. కట్టు ఇంకా తడిగానే ఉంది. అత్తమ్మ వాణ్ని ఒళ్లో పెట్టుకుని, కట్టు మీదనుంచే మడిమ పట్టుకుని కూర్చుంది.

"ఇగ ఇడువున్రి అత్తమ్మా, కట్టు ఏసిన్రు గద" అన్నాను.

"ఆఁ, ఇడుస్త" అంది. తార్నాకలో దిగేదాకా వదల్లేదు.