తిరిగే టోపీకి వాస్తు

ఈ ఉదయం పెరటి వైపు నుంచి మామిడి కట్టె కాలుతున్న వాసన వచ్చింది. దాని వెంటే డాబా మీద కిర్రుమని ఒక చప్పుడు. గాలి మళ్లిందన్నమాట. మా పొగగొట్టం నెత్తిన ఉన్న రేకు టోపీ గాలికి వీపు చూపించి అటు తిరుగుతోంది. వంటింట్లో అత్తయ్య తలెత్తకుండా పప్పు మెదుపుకుంటోంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు మా పక్కింటి రాఘవయ్య మాస్టారు గుర్తొస్తారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. నాకు మాత్రం రిటైరయ్యాకే చెప్పారు.

నేను నూజివీడు కోడలిగా వచ్చిన కొత్తలో మా ఇంట్లో గ్యాసు కాఫీకి మాత్రమే. తోటలో కొట్టిన కొమ్మలు పెరడు నిండా ఉండగా గ్యాసు తగలెయ్యడం అత్తయ్య దృష్టిలో మహాపాపం. అన్నం, పప్పు, పులుసు అన్నీ కట్టెల పొయ్యి మీదే. పొయ్యికి పొగగొట్టం ఉంది గానీ దాని నెత్తిన టోపీ లేదు. గాలి కొడితే పొగ వెళ్లిన దారినే వెనక్కి దిగేది. అత్తయ్య దగ్గు వీధి చివరికి వినిపించేది. చలి ముదిరేలోగా పొగైనా ఆపండి, పొయ్యైనా ఆపండి అన్నారు డాక్టరుగారు. రెండు రోజులు ఆవిడకు ముద్ద దిగలేదు. పొయ్యి పోతే ఇంట్లో తన పెత్తనం పోయినట్టేనని ఆవిడ భయం. నాకూ భయమే, ఆ వంటంతా నా నెత్తిన పడుతుంది మరి.

వెంటనే హనుమాన్ జంక్షన్ వెళ్లి, షాపులో అన్నిటికంటే తళతళలాడే టోపీ కొన్నాను. రైసుమిల్లుల కప్పుల మీద గుమ్మడికాయలా గుండ్రంగా ఉండి గిరగిరా తిరుగుతుంటుందే, అది. గొట్టం సైజెంత అని షాపతను అడిగితే మామూలు సైజే అన్నాను. పదిహేను రోజులు బ్రహ్మాండంగా తిరిగింది, వీధిలోవాళ్లు వచ్చి చూసి వెళ్లారు. మామిడి కట్టె పొగకి జిగురుంటుందని నాకేం తెలుసు? ఒకనాడు అది కాస్తా బిర్రబిగుసుకుపోయి గొట్టానికి బిరడా అయి కూర్చుంది.

రెండోది ఏనుగు తొండంలా వంగి, ఒకవైపే మూతి ఉన్న రకం. ఆ మూతి ఎటు పెట్టాలి? సింహద్వారమైనా పొగగొట్టమైనా తూర్పు చూడాల్సిందేనని అత్తయ్య తేల్చేసింది. మా ఆయన ఫోనులో దిక్సూచి పెట్టుకుని వెంట్రుకవాసి తేడా లేకుండా తూర్పుకి బిగించారు. పడమటి గాలి ఉన్నన్నాళ్లూ వాస్తు బాగానే పనిచేసింది. కార్తీకంలో తూర్పు గాలి మళ్లి తిన్నగా ఆ మూతిలో దూరింది. ఇక చూసుకోండి, మా వంటింట్లో మంత్రాల్లేని హోమం.

ఆ మసి కిటికీలోంచి పోయి పక్కింట్లో ఆరేసిన మాస్టారి తెల్ల పంచె మీద వాలింది. ఆయన పంచె పట్టుకుని వస్తుంటే, అయిపోయానురా దేవుడా అనుకున్నాను. తీరా చూస్తే రెండో చేతిలో అగరొత్తుల కట్ట ఉంది.

"గాలి ఎటు నుంచి వస్తోందో ఎప్పుడైనా డాబా ఎక్కి చూశావా అమ్మాయ్?"

"లేదండీ."

"మరి ఈ టోపీలు గాలిని చూసి కొన్నావా, తళుకు చూసి కొన్నావా?"

వారం రోజులు పూటకోసారి డాబా ఎక్కి, అగరొత్తి వెలిగించి, పొగ ఎటు పోతోందో పుస్తకంలో రాయమన్నారు. సిగ్గుపడుతూనే ఎక్కాను. ఎదురింటి సుజాత తన డాబా మీంచి, ఏం వ్రతం వదినా అని అడిగింది. వ్రతం కాదు, పొగ కోసమన్నాను. ఫలం బయటికి చెప్పకూడని వ్రతం కాబోలనుకుంది. నాలుగో రోజుకి మా వీధిలో మూడు డాబాల మీద అగరొత్తులు వెలిగాయి.

వారం తర్వాత మాస్టారు నా పుస్తకం చదివారు. పొద్దున ఒక దిక్కు, సాయంత్రం ఒక దిక్కు. పడమటి గాలైతే పెద్ద మామిడి చెట్ల మీదుగా వచ్చి నెత్తిన దబ్బున పడుతోంది. గొట్టం రెండు మూరలు పెంచాలని, ఒక దిక్కుకి బిగించేది మనకి పనికిరాదని చెప్పారు. తోక ఉన్న టోపీ కావాలి. గాలి తోకని నెడితే మూతి తనంతట తానే చాటుకి తిరుగుతుంది. దారంతో గొట్టం చుట్టుకొలత తీసుకుని, జిగురు పట్టినా మూసుకుపోకుండా మూతి వెడల్పుగా, రేకుల పనివాడి దగ్గర కూర్చుని మరీ చేయించుకొచ్చారు.

అత్తయ్య అడ్డుపడింది. తిరుగుతూ తిరుగుతూ దక్షిణం చూస్తే ఇంటికి అరిష్టమంది. మాస్టారు నవ్వలేదు.

"జంక్షన్ నుంచి మన ఊరొచ్చే బస్సుకి ఎవరైనా వాస్తు చూస్తారా అక్కగారూ? తిరిగేదానికి వాస్తు లేదండీ."

అత్తయ్య అదీ నిజమే అంది. ఆవిడ ఒకరి మాట ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు.

టోపీ బిగించిన రోజు మాస్టారికి మా ఇంట్లోనే భోజనం. అత్తయ్య పొయ్యి వెలిగించింది. పైన కిర్రుమంది, పొగ బుద్ధిగా పైకి పోయింది. ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుంటూ మాస్టారు ఉన్నట్టుండి చెయ్యి ఆపేశారు.

"వేడిగాలి పైకి పోతుందని ముప్పయ్యేళ్లు పిల్లలకి చెప్పానమ్మా. మా ఇంట్లో ఆవిడ పొయ్యి దగ్గర దగ్గుతూనే పోయింది. నేను ఒక్కసారి తలెత్తి మా కప్పు వంక చూడలేదు."

అత్తయ్య లేచి ఆయన విస్తట్లో ఇంకో గరిటె నెయ్యి వేసింది. నాకు ఏడుపొచ్చింది, పొగ మీదకు నెట్టేద్దామంటే ఆ రోజు వంటింట్లో పొగ కూడా లేదు.

మాస్టారు పోయి మూడేళ్లయింది. డాక్టరుగారు పొయ్యి మాటెత్తడం మానేశారు, అత్తయ్య పెత్తనం చెక్కుచెదరలేదు. సుజాతకి కవలలు పుట్టారు, అది అగరొత్తుల వ్రతం మహిమేనని వీధిలోకి వచ్చిన ప్రతి కొత్త కోడలికీ చెబుతుంది. నేనెంత మొత్తుకున్నా వినదు. నెలకోసారి డాబా ఎక్కి టోపీకి పట్టిన జిగురు తుడిచేది నేనే. ఇంట్లో ఎవరు దగ్గినా, మందుబిళ్ల వెతికేముందు నేను తలెత్తి కప్పు వంక చూస్తాను.